విలువ అనే గడి

నైరోబీలో, అద్దె తగాదాల కచేరీ గేటు పక్కన
చిరిగిన గొడుగు కింద నా టైపు మిషను.
పేజీకి అరవై షిల్లింగులు,
కార్బన్ నకలుకి పది.
ఎవరి పక్షమని అడగను.
జకరాండా పూలే మీటల మధ్య రాలి
అప్పుడప్పుడూ ఒక అక్షరాన్ని పట్టుకుంటాయి.

క్వాంబోకా మంగళవారం వచ్చింది,
మెడలో ఇంకా కొలత టేపు.
కాయోలేలో మూడో అంతస్తు, ఒక్క గది.
రెండు నెలల అద్దె బాకీ. అది నిజమే, దాచలేదు.
సాయంత్రం కొళాయి నుంచి నీళ్ళు మోసుకొచ్చేసరికి
తన తాళం మీద ఇంకో తాళం,
పిడికిలంత, కొత్తది, నూనె వాసన వేస్తూ.
నీళ్ళ డబ్బా అక్కడే దించి
కాసేపు తలుపుతో మాట్లాడిందట.

"లోపల ఏమేం ఉన్నాయి?" అన్నాను.
ఫారంలో మూడు గళ్ళు: వస్తువు, సంఖ్య, విలువ.

కుట్టు మిషను, ఒకటి, పద్నాలుగు వేలు.
బొగ్గుల ఇస్త్రీ పెట్టె, ఒకటి, తొమ్మిది వందలు.
పరుపు. దుప్పట్లు. కిరసనాయిలు స్టవ్వు.
బడి యూనిఫారాలు పదకొండు,
వాటిలో నాలుగింటికి ఒక్క చెయ్యే ఉంది.
"అవి నీవి కావుగా?"
"కావు. సోమవారం బడి తెరుస్తారు.
పిల్లల తల్లులు నన్నే దొంగంటున్నారు."
కొడుకు టీకాల కార్డు.
"విలువ?"
కుళ్ళిన టమాటాలు అంటగట్టినవాణ్ణి చూసినట్టు
నా మొహంలోకి చూసింది.
ఆ గడి ఖాళీగా వదిలేశాను.
నానబెట్టిన బీన్స్, గిన్నెడు.
"అదీ రాయాలా?"
"రాయి. ఇప్పటికి మొలకలొచ్చుంటాయి."

పదిహేడేళ్ళుగా ఇవే మాటలు కొడుతున్నాను,
వేళ్ళకి కంఠతా వచ్చేశాయి:
బాకీ ఉంటే బాకీకి దావా వెయ్యాలి,
ఉత్తర్వు లేకుండా గుమ్మం మూయకూడదు,
పరాయివాళ్ళ సొత్తు ముట్టకూడదు,
చేతిపని చేసుకునే పనిముట్టు జప్తుకి చెల్లదు.
అంటే, రెక్కాడితే గాని డొక్కాడని మనిషి
డొక్క సంగతి ఎలా ఉన్నా
రెక్క మాత్రం పట్టుకుపోవద్దని.
చట్టానికి ఇంత జాలి ఉందని
తలుపు ముందు నిలబడ్డవాళ్ళకి ఎవరూ చెప్పరు.
చెప్పినా, తాళం చెవి దాని దగ్గర లేదు.

గురువారం అదే స్టూలు మీద
ఓ ముసలాయన, పాత రైల్వే కోటు, మోకాలి మీద టోపీ.
పేరు గథోగో.
చేతిలో కాగితం నేను కొట్టినదే, తోక వంకర పోయే నా అక్షరాలే.
"జవాబు రాయి నాయనా. సామాను నేను తీసుకోలేదు,
భద్రంగా ఉంచాను, అంతే."
భద్రంగా. కొట్టాను.
బ్యాంకు అప్పు, సగంలో ఆగిన పై అంతస్తు,
కోడలి ఆసుపత్రి ఖర్చు. అన్నీ కొట్టాను. అవీ నిజాలే.
బీన్స్ సంగతి అడగబోయి
నీళ్ళు నమిలాను.
అరవై షిల్లింగులు లెక్కపెట్టి ఇచ్చాడు.
అదే జేబులో తాళం చెవి గలగలమంది.

ఉత్తర్వు రావడానికి పంతొమ్మిది రోజులు.
బాకీ వాయిదాల్లో కట్టమన్నారు, తలుపు తెరవమన్నారు.
మిషను ఉంది. సూది తుప్పు పట్టింది.
ఇస్త్రీ పెట్టె లేదు.
"నేను ముట్టలేదు" అన్నాడాయన, బైబిలు మీద ఒట్టేసి.
దానికి ఇంకో అర్జీ, ఇంకో పేజీ.
యూనిఫారాలు ఇప్పుడెవరికీ అక్కర్లేదు,
తల్లులు అప్పోసప్పో చేసి వేరేచోట కొనేశారు.
ఒంటిచెయ్యి చొక్కాలు నాలుగూ
ఆమె దగ్గరే ఉండిపోయాయి.

రెండో అర్జీ కొట్టించుకుంటూ
తలెత్తి నా గొడుగు వంక చూసింది.
"ఈ చిరుగు కుట్టి పెడతాను, డబ్బులు తగ్గించు."
"పది తగ్గిస్తా."
"ముప్పై."
బేరం తెగలేదు. ఈలోపు వాన మొదలైంది.

ఆ రాత్రి నా గది ముందు
చీకట్లో తాళం తడిమి చూసుకున్నాను.
ఒకటే ఉంది.
నాకూ నెలన్నర బాకీ.
దీపం వెలిగించి, బూట్లు విప్పకుండానే,
ఒక్కొక్కటే చూస్తూ కూర్చున్నాను.
మంచం, ఒకటి.
కెటిలు, ఒకటి, మూత లేదు.
మా అన్న రేడియో, ఒకటి.
పలకదు.